బెయిల్ షరతులో నోటికి తాళం: ముద్దాయి తన కేసు గురించి తాను మాట్లాడకూడదా?

మధురవాడ నివాసి
ఆదివారం, ఉదయం 7.40

సభ్యులందరికీ నమస్కారం. మా అపార్ట్‌మెంటు సంఘానికి ఆరేళ్లు కార్యదర్శిగా పనిచేసిన పెద్దాయన ఒకరు మూడు నెలలుగా ఎవరితోనూ మనసు విప్పి మాట్లాడడం లేదు. బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మా వెనకనున్న గెడ్డలోకి, అంటే వాగులోకి, పక్కనే కట్టిన ఒక పెద్ద భవన సముదాయం మురుగునీరు వదులుతోందని ఆయన ఫొటోలు తీసి ఫేస్‌బుక్‌లో వరుసగా రాశారు. రాతలు ఆపాలంటే డబ్బు ఇమ్మని బెదిరించారంటూ ఆ నిర్మాణదారు పోలీసులకు ఫిర్యాదు చేశారు. ఆ ఆరోపణలో నిజమెంతో కోర్టు తేలుస్తుంది కనుక దాని జోలికి నేను వెళ్లను.

ముందస్తు బెయిల్ వచ్చింది. ఆ ఉత్తర్వు నకలును ఆయన మొన్న నాకు చూపించారు. అందులో నాలుగో షరతు ప్రకారం, కేసు ముగిసేవరకు ఫిర్యాది గురించి గానీ, కేసుకు సంబంధించిన ఏ విషయం గురించి గానీ, ఏ మాధ్యమంలోనూ ఆయన ఎటువంటి వ్యాఖ్యా చేయరాదు. ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసుకున్నారు. ఎన్నిసార్లు మడిచి విప్పారో గానీ మడత దగ్గర కాగితం చిరుగు పట్టింది.

కిందటి వారం వానకు గెడ్డ పొంగి మా సెల్లారులోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీకి అర్జీ రాయడానికి అందరం కూర్చున్నాం. ఆయన పెన్ను చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, మళ్లీ బల్ల మీద పెట్టేశారు. "ఇది కూడా వ్యాఖ్య కిందికే వస్తే, బెయిల్ పోతుంది కదండీ" అన్నారు. నేరం రుజువు కాని మనిషి తన వీధిలోని మురుగు గురించి అర్జీ పెట్టుకోవడానికి కూడా భయపడేలా ఒక షరతు ఉండవచ్చా అన్నది నా ప్రశ్న. తెలిసినవారు వివరంగా చెప్పగలరు.

వేదిక నిర్వాహకులు
ఆదివారం, ఉదయం 8.15

ఒక విన్నపం. ఆ కేసులోని మంచిచెడ్డలు, ఫిర్యాది ఎవరు, సాక్షులెవరు అన్న విషయాలు ఎవరూ ఇక్కడ రాయవద్దు. షరతు గురించి, చట్టం గురించి ఎంతైనా చర్చించవచ్చు. 1971 నాటి కోర్టు ధిక్కరణ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం కోర్టు వ్యవహారాలను ఉన్నది ఉన్నట్టు నిష్పాక్షికంగా నివేదించడం ధిక్కరణ కాదు. తీర్పు వచ్చిన కేసు మంచిచెడ్డలపై న్యాయమైన విమర్శ కూడా ధిక్కరణ కాదని ఐదో సెక్షన్ చెబుతోంది. ఆ పరిధిలోనే ఉందాం.

సీతమ్మధార న్యాయవాది
ఆదివారం, ఉదయం 10.05

మధురవాడ నివాసి గారూ, ముందుగా చట్టంలో ఏముందో చూద్దాం. ముందస్తు బెయిల్ ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 482వ సెక్షన్ కింద వస్తుంది. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 438. పిలిచినప్పుడు విచారణకు రావాలి, కేసు సంగతులు తెలిసినవారిని బెదిరించరాదు, ప్రలోభపెట్టరాదు, అనుమతి లేకుండా దేశం విడిచి వెళ్లరాదు అన్న షరతులు ఆ సెక్షన్‌లోనే రాసి ఉన్నాయి. ఇవి కాక న్యాయ ప్రయోజనాల కోసం ఇతర షరతులు పెట్టే అధికారం కూడా కోర్టుకు ఉంది. మీ పెద్దాయన నాలుగో షరతు ఆ "ఇతర" అన్న మాటలో నుంచి పుట్టింది.

ఆ మాటకు హద్దు లేదనుకోవడం పొరపాటు. మునీష్ భాసిన్ కేసులో, 2009లో, ముందస్తు బెయిల్ ఇచ్చేటప్పుడు కేసుతో నిమిత్తం లేని కఠినమైన షరతులు పెట్టరాదని సుప్రీంకోర్టు చెప్పింది. మహమ్మద్ జుబేర్ అనే పాత్రికేయుడికి 2022 జూలై 20న బెయిల్ ఇస్తున్నప్పుడు ఉత్తరప్రదేశ్ తరఫు న్యాయవాది ఆయన ఇక ట్వీట్లు చేయకుండా షరతు పెట్టమని కోరారు. జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం అందుకు ఒప్పుకోలేదు. అది న్యాయవాదిని వాదించవద్దన్నట్టు ఉంటుందని ఆ రోజు కోర్టులోనే అన్నారు. ఆరోపణలు సోషల్ మీడియా రాతల మీద వచ్చినంత మాత్రాన ఇక ముందు ఏమీ రాయవద్దని గంపగుత్తగా ఆపలేమని, అటువంటి ఉత్తర్వులు వాక్ స్వాతంత్ర్యాన్ని భయంతో కుంచింపజేస్తాయని తీర్పులో రాశారు. మన పొరుగు రాష్ట్రం ఒడిశాలో బరంపురం మాజీ మేయరు ఒకరికి, ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ రాజకీయ కార్యకలాపాల్లో పాల్గొనరాదని హైకోర్టు పెట్టిన బెయిల్ షరతును 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అది ప్రాథమిక హక్కులకు భంగమని చెప్పింది.

ఇక నా అనుభవం. ఇటువంటి షరతును ముద్దాయి తరఫు న్యాయవాదులం మేమే చాలాసార్లు ఎదురు చెప్పకుండా ఒప్పుకుంటాం. అవతల మనిషి అరెస్టు భయంతో రాత్రుళ్లు నిద్రపోకుండా ఉంటాడు. వాదన చివర్లో ప్రభుత్వ న్యాయవాది అయిన ఏపీపీ లేచి "కనీసం ఈ రాతలైనా ఆపించండి" అంటారు. న్యాయమూర్తి మా వైపు చూస్తారు. ఆ క్షణంలో అభ్యంతరం చెబితే బెయిలే జారిపోతుందేమోనని తల ఊపేస్తాం. అలా ఊపిన తల ఖరీదు రెండేళ్లు, మూడేళ్లు క్లయింటు చెల్లిస్తాడు. ఈ తప్పు నేనూ చేశాను కనుక రాస్తున్నాను.

ఎంవీపీ ఉపాధ్యాయిని
ఆదివారం, మధ్యాహ్నం 12.30

న్యాయవాది గారి మాటలు గౌరవంతో చదివాను. అయితే మా ఇంట్లో జరిగినది వేరు. మా చెల్లెలు వరసయ్యే అమ్మాయి పనిచేసిన చోట వేధింపులకు గురై కేసు పెట్టింది. ముద్దాయికి బెయిల్ వచ్చిన మర్నాటి నుంచే వాట్సాప్ స్టేటస్‌లు మొదలయ్యాయి. పేరు ఉండదు. "కొందరికి ప్రమోషన్ రాకపోతే కేసులు గుర్తొస్తాయి" అని ఒక రోజు, "నవ్వుతూ ఫొటోలు దిగినప్పుడు లేని బాధ" అని ఇంకో రోజు. చూసేవాళ్లు ఎనభై మంది ఉద్యోగులు, అందులో ముగ్గురు ఈ కేసులో సాక్షులు. వారిలో ఒకామె నెల తిరక్కుండా "నాకు ఆ రోజు సరిగా గుర్తులేదమ్మా" అంటూ వెనక్కి తగ్గింది. బెదిరించాడని రుజువు చేయండి అంటే ఏమి చూపించగలం? ఒక్క మాట కూడా బెదిరింపులా ఉండదు.

మేము బెయిల్ షరతు మార్చమని కోర్టుకు వెళితే, ఫిర్యాది గురించి, సాక్షుల గురించి పేరుతోనైనా పేరు లేకుండానైనా ఏమీ రాయరాదని షరతు చేర్చారు. ఆ రోజు రాత్రి మా చెల్లెలు కడుపునిండా అన్నం తిన్నది. అందుకే నోటికి తాళం అన్న మాట వినగానే నాకు ముద్దాయి హక్కు ఒక్కటే గుర్తుకు రాదు.

పాత విలేకరి, పూర్ణామార్కెట్
ఆదివారం, సాయంత్రం 4.10

అమ్మా, మీ ఇంట పెట్టిన షరతుకూ, మధురవాడ పెద్దాయనకు పెట్టిన షరతుకూ ఎంతో భేదం ఉంది. ఆ భేదం తేటపడాలంటే ఈ మౌనపు ఉత్తర్వులు ఎలా మొదలయ్యాయో కొంత చెప్పాలి.

బొంబాయి హైకోర్టులో బ్లిట్జ్ పత్రిక మీద నడిచిన పరువునష్టం దావాలో ఒక సాక్షి, తన వాంగ్మూలం పత్రికల్లో రావడంతో వ్యాపారం దెబ్బతింటోందని మొరపెట్టుకున్నాడు. జస్టిస్ తార్కుండే నోటిమాటగానే ఆ సాక్ష్యాన్ని ప్రచురించవద్దని ఆదేశించారు. విలేకరులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1966లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం, న్యాయం సక్రమంగా జరగడానికి అవసరమైతే హైకోర్టుకు ఆ అధికారం ఉందని చెప్పింది. కోర్టు ఉత్తర్వు వల్ల ప్రాథమిక హక్కు భంగపడిందని రిట్ వేయడం కుదరదని కూడా చెప్పింది. జస్టిస్ హిదాయతుల్లా ఒక్కరే విభేదించారు. మిరాజ్‌కర్ కేసుగా మేము విలేకరులం చెప్పుకొనేది అదే.

ఆ తరువాత 2012 సెప్టెంబరులో సహారా సంస్థకూ, మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీకీ మధ్య వివాదంలో ప్రధాన న్యాయమూర్తి కపాడియా నేతృత్వంలోని ఐదుగురు, వార్తల ప్రచురణను కొంతకాలం వాయిదా వేసే ఉత్తర్వులకు ఒక కొలబద్ద పెట్టారు. విచారణకు నిజమైన, గణనీయమైన ముప్పు ఉండాలి. దానిని తప్పించడానికి వేరే దారి ఏదీ ఉండకూడదు. ఉత్తర్వు కొద్దికాలానికే పరిమితం కావాలి, దాని వల్ల మేలు కీడు కంటే ఎక్కువ ఉండాలి.

మన రాష్ట్రంలోనూ ఒక సందర్భం వచ్చింది. అమరావతి భూముల వ్యవహారంలో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) నమోదు చేసిన ఎఫ్ఐఆర్ వివరాలను పత్రికలు, సోషల్ మీడియా ప్రచురించరాదని 2020 సెప్టెంబరు 15న హైకోర్టు ఉత్తర్వు ఇచ్చింది. అప్పుడు డెస్కులో కూర్చున్న మాకు ఏమి రాయవచ్చో, ఏమి రాయకూడదో తెలియక, ఎఫ్ఐఆర్ అన్న మాట వచ్చిన ప్రతి వార్తనూ పక్కన పెట్టాం. నవంబరు 25న సుప్రీంకోర్టు ఆ నిషేధం మీద స్టే ఇచ్చింది. మధ్యలో గడిచిన డెబ్బై రోజులు పాఠకుడికి తిరిగి రావు. ఉత్తర్వు తప్పా ఒప్పా అన్నది తేలేలోపే దాని పని అది చేసుకుపోతుందని నాకు బాగా తెలిసింది అప్పుడే.

గాజువాక కార్మికుడు
ఆదివారం, రాత్రి 8.20

పెద్దలందరికీ నమస్కారం. చదువుకున్నవారు తీర్పులు చెబుతున్నారు, నేను కళ్లతో చూసినది చెబుతాను. గంజాయి కేసు దొరికితే పోలీసువారు బల్ల మీద ప్యాకెట్లు పేరుస్తారు, వెనకాల కుర్రాళ్లను ముఖానికి గుడ్డ కట్టి వరసగా నిలబెడతారు, టీవీల మైకులు ముందు పెట్టుకుని వీళ్లే ముఠా అని చెబుతారు. మా వీధి కుర్రాడొకడు అలా నిలబడ్డాడు. గుడ్డ కట్టినా, వేసుకున్న చొక్కా చూసి వాళ్లమ్మ గుర్తుపట్టింది. తరువాత అతని మీద కేసు కొట్టేశారు. ఆ సంగతి ఏ టీవీలోనూ రాలేదు. ఒక పక్షం మైకు పట్టుకుని చెప్పవచ్చు, రెండో పక్షం తన గోడ మీద తాను రాసుకోకూడదు అంటే అదెక్కడి న్యాయమండీ?

న్యాయ విద్యార్థిని
ఆదివారం, రాత్రి 9.45

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదువుతున్నాను. కార్మికుడు గారు అడిగినదే అసలు ప్రశ్న అని నాకనిపిస్తోంది.

పాత విలేకరి గారు చెప్పిన సహారా తీర్పును మళ్లీ తీసి చదివాను. ఆ కొలబద్దను సుప్రీంకోర్టు కొంతవరకు కెనడాలో 1994లో వచ్చిన డాజనే తీర్పు నుంచి తీసుకుంది. అక్కడా ఇక్కడా ఆలోచన మొదలైంది ముద్దాయి కోసమే. పత్రికల్లో ముందే దోషి అని ముద్ర పడితే నిష్పాక్షిక విచారణ దక్కదు కనుక, ఆ ముప్పు ఉన్న ముద్దాయి కోర్టుకు వెళ్లి ప్రచురణను వాయిదా వేయమని కోరవచ్చని తీర్పు చెబుతోంది. రాజ్యాంగం 21వ అధికరణం కింద ముద్దాయికి ఉన్న హక్కును కాపాడడానికి 19వ అధికరణం కింద పత్రికలకున్న హక్కును కొంతకాలం వెనక్కి జరపడం అన్నమాట. అటువంటి మౌనం బెయిల్ షరతుల్లోకి వచ్చేసరికి దిక్కు మార్చుకుంది. ఎవరి రక్షణ కోసం ఇతరులను మాట్లాడవద్దన్నారో, ఇప్పుడు అతన్నే మాట్లాడవద్దంటున్నారు, ఇతరులు మాట్లాడుతూనే ఉన్నారు.

మరొక సంగతి. అమెరికాలో జ్యూరీ ఉంటుంది. పన్నెండు మంది మామూలు పౌరులు వార్తలు చదివి ముందే ఒక అభిప్రాయానికి వస్తారన్న భయం అక్కడ నిజమైనది. మన దగ్గర తీర్పు చెప్పేది శిక్షణ పొందిన న్యాయమూర్తి. ఒక రిటైరైన బ్యాంకు ఉద్యోగి ఫేస్‌బుక్ రాత చదివి సెషన్స్ న్యాయమూర్తి మనసు మారుతుందని మనం నమ్ముతామా? నమ్మకపోతే ఆ షరతు కాపాడుతున్నది దేనిని? సాక్షులనైతే అర్థముంది. ఫిర్యాది పరువునైతే, దానికి పరువునష్టం చట్టం వేరే ఉంది. బెయిల్ షరతును పరువునష్టపు ఇంజంక్షన్‌లా, అంటే సివిల్ కోర్టు నిషేధపు ఉత్తర్వులా, వాడుకోవడం దొడ్డిదారి.

సీతమ్మధార న్యాయవాది
సోమవారం, ఉదయం 6.50

అమ్మాయి చెప్పిన చివరి మాట నేను మా జూనియర్లకు చూపిస్తాను. అదే దావాగా వేస్తే ఫిర్యాదికి ఎంత కష్టమో చూడండి. సివిల్ ప్రొసీజర్ కోడ్ 39వ ఆర్డరు మూడో రూలు ప్రకారం అవతలి పక్షానికి నోటీసు లేకుండా ఇంజంక్షన్ ఇవ్వాలంటే కారణాలు రాయాలి. అలా ఇస్తే ముప్పై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. బ్లూమ్‌బెర్గ్ వార్తా సంస్థ మీద జీ సంస్థ వేసిన దావాలో 2024 మార్చి 22న సుప్రీంకోర్టు మరింత గట్టిగా చెప్పింది. రాసినది దురుద్దేశంతో రాసినదనో, పచ్చి అబద్ధమనో స్పష్టంగా కనబడితే తప్ప, విచారణకు ముందే ప్రచురణను ఆపకూడదని, ఆపితే ఆరోపణలు రుజువు కాకముందే ఆ రాతకు మరణదండన వేసినట్టు అవుతుందని హెచ్చరించింది. బెయిల్ షరతు పెట్టడానికి ఈ పరీక్షలేవీ ఉండవు. ఒక్క వాక్యం చాలు.

అయినా సివిల్ కోర్టుల్లోనూ అన్నీ సవ్యంగా జరుగుతున్నాయని కాదు. 2025 జూలైలో, కర్ణాటక ఆలయ పట్టణం ధర్మస్థలలో శవాలు పూడ్చారన్న ఆరోపణల వ్యవహారంలో, బెంగళూరు సివిల్ కోర్టు ఒకటి అవతలి పక్షాన్ని వినకుండానే 8,842 లింకులను తొలగించమన్నది. ఒక యూట్యూబ్ ఛానెల్ హైకోర్టుకు వెళితే ఆగస్టు 1న కర్ణాటక హైకోర్టు ఆ నిషేధపు ఉత్తర్వును పక్కన పెట్టింది.

ఎంవీపీ ఉపాధ్యాయిని
సోమవారం, మధ్యాహ్నం 1.15

విరామ సమయంలో రాస్తున్నాను. అమ్మాయి ప్రశ్న నన్ను ఆలోచింపజేసింది. న్యాయమూర్తి మనసు మారదన్నది ఒప్పుకుంటాను. కానీ సాక్షి శిక్షణ పొందిన మనిషి కాదు కదమ్మా. ఆమె మామూలు ఉద్యోగి, రేపు అదే కార్యాలయంలో అదే బల్ల దగ్గర కూర్చోవాలి. స్టేటస్ చదివేది న్యాయమూర్తి కాదు, ఆమె. మీరంతా ముద్దాయికీ ప్రభుత్వానికీ మధ్య బరువు తూస్తున్నారు. ఆ త్రాసులో సాక్షి ఎక్కడుందో కూడా చూడండి.

పాత విలేకరి, పూర్ణామార్కెట్
సోమవారం, సాయంత్రం 5.30

సరిగ్గా ఈ త్రాసునే అమెరికాలో ఒక పెద్ద కోర్టు 2023లో చేతిలోకి తీసుకోవలసి వచ్చింది. ముద్దాయి అప్పటికి మాజీ అధ్యక్షుడైన ట్రంప్. అప్పుడు మళ్లీ పోటీ చేస్తున్న అభ్యర్థి కనుక ఆయన మాటలకు రాజకీయ విలువ కూడా ఉండేది. అక్టోబరు 17న వాషింగ్టన్ న్యాయమూర్తి చట్కన్ ఒక మౌనపు ఉత్తర్వు ఇచ్చారు. ట్రంప్ అప్పీలుకు వెళితే డిసెంబరు 8న అప్పీలు కోర్టు ఉత్తర్వును పూర్తిగా కొట్టేయలేదు, యథాతథంగా ఉంచనూ లేదు. సాక్షులను గురిపెట్టి మాట్లాడరాదన్న మాటను తగ్గించి, ఈ దర్యాప్తులో, కేసులో వారు పాలుపంచుకోవడం గురించి మాత్రమే అనకూడదని మార్చింది. కోర్టు సిబ్బంది, న్యాయవాదుల సిబ్బంది, వారి కుటుంబాల మీద పని చెడగొట్టే ఉద్దేశంతో మాట్లాడరాదన్నది. తన మీద కేసు నడుపుతున్న ప్రత్యేక ప్రాసిక్యూటర్‌ను, కేసు పెట్టిన ప్రభుత్వాన్ని, చివరికి న్యాయమూర్తిని కూడా విమర్శించే స్వేచ్ఛ ఆయనకు వదిలేసింది. న్యూయార్కులో మరో కేసులో సాక్షుల గురించి, జ్యూరీ గురించి మాట్లాడినందుకు 2024 ఏప్రిల్‌లో తొమ్మిది ఉల్లంఘనలకు తొమ్మిది వేల డాలర్లు, మే నెలలో ఇంకొక వెయ్యి జరిమానా పడింది. తీర్పు చెప్పవలసిన జ్యూరీ నిర్ణయం వచ్చేశాక, జూన్‌లో, సాక్షుల గురించిన నిషేధాన్ని ఆ న్యాయమూర్తే ఎత్తేశారు. అవసరం తీరగానే తాళం తీశారన్నమాట.

టీచరమ్మ గారూ, మీ చెల్లెలి కేసులో కోర్టు చేసినదీ ఇంచుమించు ఇదే. మనుషులను కాపాడింది, విషయాన్ని నిషేధించలేదు.

కంచరపాలెం పాఠకుడు
సోమవారం, రాత్రి 7.55

పార్టీల సంగతి పక్కన పెట్టి ఒక ఉదాహరణ గుర్తు చేస్తాను. 2023 నవంబరులో నైపుణ్యాభివృద్ధి కేసులో చంద్రబాబు నాయుడు గారికి వచ్చిన బెయిల్ షరతుల మీద మన దగ్గర రచ్చబండల్లో కూడా చర్చ జరిగింది. నెలాఖరులో సుప్రీంకోర్టు సభలకు, ర్యాలీలకు వెళ్లవచ్చని, కేసు గురించి మాత్రం బహిరంగంగా మాట్లాడవద్దని చెప్పింది. 2025 మేలో హర్యానా ఆచార్యుడు అలీ ఖాన్ మహమూదాబాద్‌కూ అంతే. మే 21న మధ్యంతర బెయిల్ ఇస్తూ కేసుకు కారణమైన విషయం మీద రాయవద్దన్నారు, వారం తరువాత మిగతా విషయాల మీద రాసుకోవచ్చని స్పష్టం చేశారు. అంటే జుబేర్ తీర్పు ఉన్నా, కేసు విషయం మీద మౌనం అనే షరతు సుప్రీంకోర్టులోనే కొనసాగుతోంది. న్యాయవాది గారు చెప్పినంత సులువుగా నాలుగో షరతు పడిపోతుందా?

సీతమ్మధార న్యాయవాది
సోమవారం, రాత్రి 10.20

మంచి ప్రశ్న అడిగారు. సులువుగా పడిపోతుందని నేను చెప్పను. జుబేర్ తీర్పు గంపగుత్త నిషేధాన్ని కాదన్నది. కేసు విషయానికే పరిమితమైన నిషేధాన్ని కోర్టులు ఇప్పటికీ పెడుతున్నాయి. నా అభిప్రాయంలో అది సరైన దారి కాదు. రాజకీయ నాయకుడికి కేసు గురించి తప్ప మాట్లాడడానికి వేయి విషయాలుంటాయి. మధురవాడ పెద్దాయనకు ఉన్నదల్లా ఆ గెడ్డ ఒక్కటే. ఆయన విషయంలో కేసూ ఆ గెడ్డే, ప్రజాసమస్యా ఆ గెడ్డే. కాబట్టి పరిమితమైనట్టు కనిపించే షరతు ఆయన మీద పూర్తి నిషేధంగా పనిచేస్తోంది. ఈ మాట పిటిషన్‌లో మొదటి పేరాలోనే రాయాలి.

పోలీసుల పత్రికా సమావేశాల గురించి కార్మికుడు గారు అన్నదీ పిటిషన్‌లో పనికొస్తుంది. ముద్దాయి దోషి అన్న అభిప్రాయం కలిగేలా పోలీసులు మీడియాకు చెప్పడం సరికాదని, దీనికి మార్గదర్శకాలు తయారుచేయమని సుప్రీంకోర్టు 2023 సెప్టెంబరు 13న కేంద్ర హోంశాఖను ఆదేశించింది. ఎఫ్ఐఆర్‌లను ఇరవై నాలుగు గంటల్లో వెబ్‌సైటులో పెట్టమని 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది కనుక, సున్నితమైన కేసులు కాకపోతే, ఆయన మీద ఆరోపణ ఇప్పటికే లోకమంతా చదవగలిగేలా ఉంది. ఆరోపణ బహిరంగం, జవాబు నిషిద్ధం. దీనిని ఏ న్యాయమూర్తి అయినా ఓపికగా వింటారని నా నమ్మకం.

దారి ఇదండీ. షరతు పెట్టిన సెషన్స్ కోర్టులోనే షరతు మార్పు కోసం పిటిషన్ వేయాలి. అక్కడ కాదంటే అదే సంహిత 528వ సెక్షన్ కింద హైకోర్టు. హైకోర్టు ఉన్న నేలపాడు వెళ్లడానికి రాత్రి రైలు, వకీలు ఖర్చు, వాయిదాలు ఆ వయసులో ఆయనకు కష్టమే. అందుకే ఇక్కడే గట్టిగా ప్రయత్నించమంటాను. అడిగేటప్పుడు షరతు మొత్తం తీసేయమని అడగవద్దు. దాని బదులు పెట్టవలసిన వాక్యాన్ని మనమే రాసి ఇవ్వాలి. ఫిర్యాదిని, సాక్షులను ఉద్దేశించి, వారి సాక్ష్యం గురించి ఏమీ ప్రచురించరాదు, ఛార్జిషీటు దాఖలయ్యాక ఈ షరతును తిరిగి పరిశీలించాలి, ప్రభుత్వ కార్యాలయాలకు అర్జీలు పెట్టుకోవడానికి, కోర్టు రికార్డులో ఉన్నదాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి ఇది అడ్డు కాదు. ఇలా రాసిస్తే ఏపీపీకి గట్టిగా కాదనడానికి కారణం దొరకదు.

పిటిషన్ తేలేదాకా మాత్రం ఉన్న షరతును అక్షరాలా పాటించాలి. షరతు తప్పని నమ్మకం ఉన్నా, దాన్ని మీరితే బెయిల్ రద్దు పిటిషన్ ఆ మర్నాడే వస్తుంది.

గాజువాక కార్మికుడు
సోమవారం, రాత్రి 10.50

మరి అప్పటిదాకా గెడ్డ నీళ్ల సంగతి?

న్యాయ విద్యార్థిని
సోమవారం, రాత్రి 11.10

అర్జీ సంఘం పేరుతో, వేరే సభ్యుల సంతకాలతో పెట్టుకోవచ్చండీ. షరతు ఆయనకే వర్తిస్తుంది, అపార్ట్‌మెంటుకు కాదు. అయితే ఆయన రాసిచ్చినది మీరు సంతకం పెట్టి ఇచ్చినట్టు ఉండకూడదు. మీరు చూసినది మీరే రాయండి, సెల్లారు ఫొటోలు మీరే తీసినవి జతచేయండి. సోమవారం గ్రీవెన్స్‌లో, అంటే అధికారులు ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమంలో, ఇచ్చి రశీదు తీసుకోండి.

ఎంవీపీ ఉపాధ్యాయిని
మంగళవారం, ఉదయం 6.30

న్యాయవాది గారు రాసిన వాక్యం రెండుసార్లు చదివాను. "వారి సాక్ష్యం గురించి" అన్నచోట "పేరుతోనైనా, పేరు లేకుండా సూచనగానైనా" అని చేర్చమని నా కోరిక. మా కేసులో మొత్తం అపాయమంతా ఆ పేరు లేని రాతల్లోనే ఉంది. అది చేరిస్తే మీ పెద్దాయనకు నష్టమేమీ లేదు, ఆయన రాసేది గెడ్డ గురించి కనుక. మా చెల్లెలి వంటివారికి మాత్రం అది గోడ.

సీతమ్మధార న్యాయవాది
మంగళవారం, ఉదయం 7.05

చేరుస్తానమ్మా. మీరు చెప్పకపోతే నాకు తట్టేది కాదు.

మధురవాడ నివాసి
మరుసటి వారం, శుక్రవారం, సాయంత్రం 6.40

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. సోమవారం గ్రీవెన్స్‌లో సంఘం తరఫున అర్జీ ఇచ్చాం, పదకొండు మంది సంతకాలు పెట్టాం. ఇంజినీరు ఒకరు వచ్చి గెడ్డ చూసి వెళ్లారు. పెద్దాయన తన బాల్కనీలో నిలబడి చూశారు గానీ కిందికి దిగలేదు.

న్యాయవాది గారు దయతో చూసి సరిచేసిన పిటిషన్‌ను ఆయన వకీలు బుధవారం దాఖలు చేశారు. టీచరమ్మ గారు చెప్పిన మాట కూడా అందులో ఉంది. పెద్దాయన ఆ వాక్యం చదివి, "ఆ అమ్మాయి బాధ సబబే, నాకు అభ్యంతరం లేదు" అన్నారు. ఈ రోజు విచారణకు నేనూ ఆయనతో జిల్లా కోర్టుకు వెళ్లాను. ఏపీపీ కౌంటరుకు, అంటే రాతపూర్వక జవాబుకు, సమయం అడిగారు. న్యాయమూర్తి పిటిషన్‌లోని ప్రతిపాదిత షరతును చివరిదాకా చదివి, ప్రభుత్వ కార్యాలయాలకు అర్జీలు పెట్టడం మీద మీకేమైనా అభ్యంతరమా అని ఏపీపీని అడిగారు. ఆయన వెంటనే జవాబు చెప్పలేదు. పది రోజులకు వాయిదా వేశారు.

బయటికి వచ్చాక చెట్టు కింద టీ తాగుతూ పెద్దాయన జేబులో నుంచి ఆ పాత ఉత్తర్వు తీశారు. మడత దగ్గర చిరిగిన చోట టేపు అంటించి ఉంది. వాయిదా తేదీని వెనక పేజీ మీద పెన్సిలుతోనే రాసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నారు. వాయిదా రోజున ఏమి జరిగిందో ఇక్కడే రాస్తాను.